హచికో రాసిన చేత్తోనే ఒనిబాబా: కనెతో షిండో గురించి చూసినవాళ్లు చెప్పండి

పాతరీలు:
రిచర్డ్ గేర్ కుక్క సినిమా చూసి కళ్లు తుడుచుకోనివాళ్లు ఇక్కడ ఎవరూ ఉండరనుకుంటా. రైల్వే స్టేషన్ బయట, చనిపోయిన యజమాని కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే కుక్క. 2009లో వచ్చిన ఆ సినిమాకి మూలం 1987 నాటి జపాన్ సినిమా 'హచికో మొనొగతరి'. అక్కడ పెద్ద హిట్. డైరెక్టర్ సెయిజిరో కోయామా, స్క్రీన్‌ప్లే కనెతో షిండో.

ఆ పేరు చూసి నేను కాసేపు నమ్మలేదు. ఎందుకంటే నాకు తెలిసిన షిండో 1964లో 'ఒనిబాబా' తీసిన మనిషి. నిలువెత్తు రెల్లుగడ్డిలో దాక్కుని, యుద్ధం నుంచి పారిపోయి వచ్చే సైనికుల్ని పొడిచి చంపి, కవచాలూ కత్తులూ అమ్ముకుని గింజలు తెచ్చుకునే అత్తాకోడళ్ల కథ అది. శవాల్ని ఒక గోతిలోకి తోసేస్తారు. రాత్రిపూట ఒంటరిగా చూడొద్దని ముందే చెప్తున్నా.

1912 ఏప్రిల్‌లో పుట్టి, 2012 మేలో పోయారు. నిండు నూరేళ్లు. డైరెక్ట్ చేసినవి 49, రాసినవి 200 పైమాటే. మరి ఈయన్ని రచయిత అనుకోవాలా, డైరెక్టర్ అనుకోవాలా? ఇంకో రెండు మూడు సినిమాలు చూడాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

కలంపోటు:
మా రూమ్‌లో అందరికీ ఈయన గురించి చెప్పి చెప్పి విసిగించాను, ఇక మీ వంతు. నేను ఉండేది కృష్ణానగర్. సీరియళ్లకి సీన్లు రాస్తాను, టైటిల్స్‌లో పేరు పడదు. అందుకే షిండో తొలి రోజులు నాకు కంఠతా.

హిరోషిమా ప్రాంతంలో బాగా బతికిన రైతు కుటుంబం. తండ్రి ఎవరి అప్పుకో జామీను సంతకం పెట్టి ఉన్నదంతా పోగొట్టాడు. ఒక అక్క పెళ్లి పేరుతో అమెరికా వెళ్లిపోయింది. కుర్రాడు ఒనోమిచిలో అన్న పంచన చేరాడు. 1933లో అక్కడ సదావో యమనక సినిమా ఒకటి చూసి, బతికితే సినిమాల్లోనే బతకాలనుకున్నాడు. మరుసటేడు క్యోటోలో షింకో కినెమా కంపెనీలో చేరాడు. వాళ్లిచ్చిన పని ఏంటో తెలుసా? ఫిల్ము కడిగే విభాగంలో. కథకీ కెమెరాకీ దూరంగా, మందు నీళ్ల వాసనలో. తర్వాత ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కి మారి సెట్ల డ్రాయింగులు వేశాడు. పెద్ద డైరెక్టర్ కెంజి మిజోగుచి 47 మంది రోనిన్ల (దొర లేని సమురాయ్ యోధుల) కథ తీసినప్పుడు ఆ భవనాల సెట్ల పనిలో ఈయన ఉన్నాడు.

అదే మిజోగుచికి ఒక స్క్రిప్టు రాసి చూపించాడు. ఇది స్క్రీన్‌ప్లే కాదు, వట్టి కథ అని ఆయన తిప్పికొట్టాడు. మొహం మీదే చెప్పాడు, అదీ నయమే. మాకైతే 'చూద్దాం' అంటారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తరు. షిండో ఏం చేశాడంటే నాటకాల సంపుటాలు తెచ్చుకుని వరసపెట్టి చదివాడు. ఇల్లు నెట్టుకొచ్చింది ఆయనతో కాపురం చేస్తున్న తకాకో కుజి. ఆమె 1943లో క్షయతో పోయింది.

1951లో డైరెక్టర్‌గా తొలి సినిమా తీసినప్పుడు ఆయన ఎంచుకున్నది ఈ కథనే, 'స్టోరీ ఆఫ్ ఎ బిలవ్డ్ వైఫ్'. సినిమాలో మిజోగుచి పేరు మార్చాడు, అంతే. అప్పటికి ఆయన వయసు 39.

వాదనరాయుడు:
అంటే పెళ్లాం చావుని సినిమా చేసుకుని డైరెక్టర్ అయ్యాడన్నమాట. క్షమించాలి, నాకు అలాగే అనిపించింది.

కలంపోటు:
రాయుడు గారూ, మీరు వస్తారని తెలుసు. సినిమా చూసి మాట్లాడండి. అందులో చచ్చిపోయే భార్య కంటే చేతకాని మొగుడి మీద ఎక్కువ నిష్ఠూరం ఉంటుంది. రాయడం రాని రోజుల్లో ఆ అబ్బాయి ఎంత పనికిమాలినవాడో దాచలేదు.

అయినా 39 ఏళ్ల దాకా ఖాళీగా ఏం లేడు. యుద్ధం అయ్యాక షోచికు కంపెనీలో డైరెక్టర్ కొజబురో యోషిమురాకి వరసగా స్క్రిప్టులు రాశాడు. 1947లో వచ్చిన 'ది బాల్ ఎట్ ది అంజో హౌస్' ఆ జంటదే. హోదా పోయిన జమీందారీ కుటుంబం ఇల్లు అమ్ముకునే ముందు ఆఖరి విందు ఇస్తుంది. హాయిగా అక్కడే రాసుకుంటే కార్లూ బంగళాలూ వచ్చేవి. కంపెనీవాళ్లకి ఈయన కథల్లోని చీకటి నచ్చలేదు. దాంతో 1950లో యోషిమురా, నటుడు తైజీ తొనొయామాలతో కలిసి బయటికొచ్చి 'కిందాయ్ ఎయిగ క్యోకాయ్' అని సొంత సంస్థ పెట్టుకున్నాడు. ఆ సంస్థే ఆయన చివరి సినిమా దాకా ఉంది.

ఒసాకాబుల్లోడు:
జపాన్‌లో ఉద్యోగం కాబట్టి ఈ చర్చలో వేలు పెట్టే హక్కు నాకుంది :) ఇక్కడ ఆగస్టు వస్తే యుద్ధం గురించిన సినిమాలూ డాక్యుమెంటరీలూ ఎక్కువ కనిపిస్తాయి. నేను 'పోస్ట్‌కార్డ్' చూసింది అలాగే. అది షిండో ఆఖరి సినిమా, 98 ఏళ్ల వయసులో, చక్రాల కుర్చీలో కూర్చుని తీశాడు. 2010 టోక్యో ఫిల్మ్ ఫెస్టివల్‌లో జ్యూరీ ప్రత్యేక బహుమతి వచ్చింది.

కలంపోటు బ్రదర్ యుద్ధాన్ని ఒక్క మాటలో దాటేశాడు కాబట్టి అది నేను చెప్తా. 1944లో షిండోని నేవీలోకి లాగారు. ముప్పై దాటినవాడు. ఆ దళంలో వంద మంది, పని ఏంటంటే భవనాలు ఊడ్చి శుభ్రం చేయడం. తర్వాత ఎవరు ఎక్కడికి పోవాలో లాటరీ తీశారు. తీసింది వాళ్లు కాదు, పై అధికారులు. కొందరు ఫిలిప్పీన్స్ వైపు, కొందరు సబ్‌మెరైన్లకి. యుద్ధం ముగిసేసరికి వందలో మిగిలింది ఆరుగురు, అందులో షిండో ఒకడు. తోటి సిపాయికి భార్య రాసిన కార్డు ఒకటి ఆయన చూశాడు. ఊళ్లో ఇవాళ పండుగ, మీరు లేరు కాబట్టి ఏమీ బాలేదు అని దాని సారాంశం. దాన్ని అరవై ఏళ్లకి పైగా మనసులో పెట్టుకుని చివరి సినిమా చేశాడు.

సినిమా మొదట్లోనే ఒక దృశ్యం ఉంది. రైతు యుద్ధానికి వెళ్తుంటే ఇంటి ముందు ఊరంతా నిలబడి జెండాలూపి పంపిస్తారు. తర్వాత కెమెరా కదలదు, అదే ఇల్లు, అదే కోణం, అతని అస్థికల పెట్టె తిరిగొస్తుంది. మధ్యలో ఏ యుద్ధమూ చూపించడు. ఎంత పొదుపో చూడండి.

వాదనరాయుడు:
సరే, ఇది నచ్చింది. కానీ మీరంతా నెత్తిన పెట్టుకునే 'నేకెడ్ ఐలాండ్' సంగతి? నేను అది మొత్తం చూశాను, కాబట్టి చూసి మాట్లాడమనే అవకాశం మీకు లేదు. నీళ్లు లేని దీవిలో మొగుడూ పెళ్లాం, ఇద్దరు పిల్లలు. పక్క దీవి నుంచి పడవలో నీళ్లు తెచ్చి మొక్కలకి పోస్తారు. మళ్లీ తెస్తారు. మళ్లీ పోస్తారు. గంటన్నర. ఒక్క మాట మాట్లాడరు. ఏ రైతూ అలా చేయడు. వాన నీళ్లకి ఒక తొట్టి కట్టుకుంటాడు. పేదవాళ్లంటే మూగవాళ్లని పట్నం మేధావుల ఊహ.

పాతరీలు:
మాటల్లేవంటే మనకి వెంటనే పుష్పక విమానం గుర్తొస్తుంది. అందులో మాటల్లేకపోవడం మీద బోలెడు సరదా ఉంది. ఇందులో అలా కాదా?

సీమపిల్ల:
కాదండీ, ఇందులో పిల్లలు పాడతారు, నవ్వుతారు, తల్లి గుండెలు పగిలేలా ఏడుస్తుంది. సంభాషణ మాత్రం ఉండదు. హికారు హయాషి సంగీతం ఒకే బాణీని తిప్పి తిప్పి వాయిస్తుంది, దాంతో పని ఎన్నిసార్లు జరిగినా లెక్క మర్చిపోతాం.

రాయుడు గారూ, మాది అనంతపురం వైపు. నీళ్లు మోసిన ఇంటిదాన్నే. ఈ సినిమాలో వాళ్ల భుజం మీద ఉన్నది మన కావడే. నేను కథ చూడలేదు, పెళ్లాం వేషం వేసిన నొబుకో ఓటోవా కాళ్లు చూశాను. బిందెలు నిండుగా ఉన్నప్పుడు ఒక నడక, ఖాళీగా ఉన్నప్పుడు ఇంకో నడక. నిండుగా ఉన్నప్పుడు మడమ ముందు ఆనదు, వేళ్లు నేలని వెతుక్కుంటాయి, మోకాలు కొంచెం వంగే ఉంటుంది. ఏటవాలు దారిలో కావడి ఊగితే ఆ ఊపుతోనే అడుగు వేయాలి, ఎదురెళ్తే పడతారు. ఖాళీ బాల్చీలతో నటిస్తే ఇది రాదు. నిజం నీళ్లే మోయించారట షిండో. ఒకసారి ఆమె జారి ఒక బాల్చీ ఒలకబోస్తుంది. మొగుడు వచ్చి చెంప మీద కొడతాడు. ఆమె ఏమీ అనదు. అక్కడ మా అవ్వ టీవీ వైపు చూసి తిట్టింది మొగుణ్ని. మాటల్లేని జపాన్ సినిమా చూస్తూ తిట్టింది.

తొట్టి సంగతికొస్తే, మీరన్నది నిజమే. వాన నీళ్లు పట్టుకోవచ్చు. సినిమా దానికి సమాధానం చెప్పదు. కాకపోతే పండిన గోధుమలో కౌలు కొలిచి ఇచ్చే సీన్ ఉంది, అది గుర్తుంటే తొట్టి కట్టే డబ్బు ఎక్కడిదనే ప్రశ్న కూడా వేయాలి.

వాదనరాయుడు:
కౌలు సీన్ గుర్తుంది. ఒప్పుకుంటా. కానీ కొడుకు పోయాక ఆ తల్లి బాల్చీ తన్నేసి, మొక్కలు పీకేసి, నేల మీద పడి ఏడ్చి, తర్వాత లేచి మళ్లీ నీళ్లు పోస్తుంది చూడండి. అది శ్రమ గొప్పదనం అని మీరంటారు. నాకది లొంగుబాటు. అప్పటికి తిరగబడింది కదా, దాన్ని అక్కడే ఎందుకు ఆపేశాడు?

కలంపోటు:
షిండో ఆ సీన్‌లో మొగుణ్ని చూపిస్తాడు. ఈసారి కొట్టడు. నిలబడి చూస్తాడు, తర్వాత తన పని తను చేసుకుంటాడు. ముందు కొట్టిన చెంపదెబ్బకి జవాబు అక్కడ ఉంది. మీకు లొంగుబాటులా కనిపిస్తే కాదనను.

ఈ సినిమా ఎందుకు తీశాడో కూడా తెలియాలి. అంతకుముందు ఏడాది, 1959లో, 'లక్కీ డ్రాగన్ నంబర్ 5' తీశాడు. 1954 మార్చిలో అమెరికా పసిఫిక్ సముద్రంలో బికినీ దీవుల దగ్గర హైడ్రోజన్ బాంబు పేల్చినప్పుడు, యాయిజు రేవుకి చెందిన ట్యూనా పడవ మీద బూడిద రాలింది. 23 మంది జాలర్లు. రేడియో ఆపరేటర్ కుబొయామా సెప్టెంబర్‌లో చనిపోయాడు. ఆ కథే. సినిమా ఆడలేదు. సంస్థ అప్పుల్లో మునిగింది. ఇక మూసేద్దాం, మూసేముందు నచ్చినట్టు ఒకటి తీద్దాం అని మిగిలిన కొద్ది డబ్బుతో తీసిందే 'నేకెడ్ ఐలాండ్'. బడ్జెట్ 50 లక్షల యెన్‌ల లెక్క. పదమూడు మంది దాకా యూనిట్, ఇద్దరే పేరున్న నటులు. 1961లో మాస్కో ఫెస్టివల్‌లో గ్రాండ్ ప్రీ, ఒక సోవియట్ సినిమాతో కలిపి ఇచ్చారు. అరవైకి పైగా దేశాలు కొన్నాయి. అప్పు తీరింది.

మాటల్లేకపోవడం కళ కోసమే, కాదనను. కానీ డబ్బింగ్ ఖర్చు లేకుండా అన్ని దేశాల్లో ఆడడానికి అదీ ఒక కారణమే కదా. ప్రొడ్యూసర్ బుర్రతో ఆలోచించండి.

ఒసాకాబుల్లోడు:
షూటింగ్ జరిగింది సుకునే అనే దీవిలో. హిరోషిమా జిల్లా మిహారా తీరానికి దగ్గర, మనుషులెవరూ ఉండరు. ఎంత చిన్నదంటే చుట్టూ నడిచినా అర కిలోమీటరు రాదు. మిహారా నుంచి పక్కనున్న సాగిషిమాకి పడవ ఉంది, అక్కడి ఒడ్డు నుంచి కనిపిస్తుంది. నేను వెళ్లి చూశాను. సినిమాలో కొండలా అనిపించే ఆ వాలు బయట చూస్తే గుట్టంత కూడా లేదు. కెమెరామన్ కియోమి కురోదా ఆమెని కింద నుంచి పైకి, ఆకాశం మీదికి పెట్టి తీశాడు కాబట్టి అంత ఎత్తు వచ్చింది.

ఇంకోటి. మొగుడు వేషం వేసిన తొనొయామా పెద్ద తాగుబోతు, లివర్ పాడైపోయి ఉన్నాడు. ఆ దీవిలో మందు దొరక్క షూటింగ్ అయ్యేసరికి ఒళ్లు బాగుపడిందని షిండో చెప్పేవాడు.

సీమపిల్ల:
హహ, డీ-అడిక్షన్ సెంటర్ అన్నమాట.

పాతరీలు:
నొబుకో ఓటోవా గురించి ఎవరైనా చెప్పండి. ఒనిబాబాలో అత్త ఆమేనా? నేకెడ్ ఐలాండ్ పక్కన పెట్టి చూస్తే ఒకే మనిషంటే నమ్మబుద్ధి కావట్లేదు.

సీమపిల్ల:
ఆమే. తకరజుకా నాటక సంస్థ నుంచి వచ్చిన స్టార్. దాయెయి స్టూడియో ఆమె సొట్టబుగ్గల్ని మిలియన్ డాలర్ల సొట్టలని ప్రచారం చేసుకునేది. షిండో తొలి సినిమాలో భార్య వేషం కావాలని తనే పట్టుబట్టింది. తర్వాత స్టూడియో వదిలేసి ఈ అప్పుల సంస్థలో చేరింది. ఇద్దరి మధ్యా బంధం ఎప్పటినుంచో ఉంది, ఆయనకి అప్పటికే పెళ్లయింది. పెళ్లి చేసుకున్నది 1970ల చివర్లో, ఆయనకి విడాకులయ్యాక. దీని మీద నా అభిప్రాయం నా దగ్గరే ఉంచుకుంటా.

ఆమెని అందంగా చూపించాలని ఆయన ఎప్పుడూ తాపత్రయపడలేదు. ఒనిబాబాలో తెల్లజుట్టు పాయ, చెమట, ఆకలి. చివర్లో దెయ్యపు మాస్కు మొహానికి అతుక్కుపోయి, దాన్ని సుత్తితో పగలగొట్టాక కింద కనిపించే ముఖం ఉంది కదా. ఆ మేకప్‌ని బాంబు బాధితుల ఫొటోలు చూసి చేయించాడు. కోడల్ని భయపెట్టడానికి అత్త మాస్కు పెట్టుకుంటే అది ఊడిరాని పాత బౌద్ధ కథకి హిరోషిమాని తెచ్చి కలిపాడు.

పాతరీలు:
ఇది తెలియక నేను దాన్ని దెయ్యం సినిమాగా చూశాను. అక్కడ షూటింగ్ కూడా వింతగా జరిగిందట?

ఒసాకాబుల్లోడు:
చిబా దగ్గర ఇంబా చిత్తడి నేలలో. అందరూ అక్కడే తాత్కాలిక షెడ్లు వేసుకుని ఉన్నారు. మధ్యలో వదిలి వెళ్లిపోతే డబ్బులుండవని రూల్ పెట్టాడట. యూనియన్ నాయకులు వింటే కొడతారు.

వాదనరాయుడు:
కార్మికుల కష్టం మీద సినిమాలు తీసే ఆయన రూల్ అది. బాగుంది.

యూనియన్ మాటొచ్చింది కాబట్టి 1952 నాటి 'చిల్డ్రన్ ఆఫ్ హిరోషిమా' గురించి చెప్తా. దానికి వెనకున్నది జపాన్ టీచర్ల యూనియన్. సినిమా పూర్తయ్యాక వాళ్లకే నచ్చలేదు. కోపం లేదు, కన్నీళ్లే ఉన్నాయన్నారు. హిదెయో సెకిగవాతో 1953లో 'హిరోషిమా' అని వేరే సినిమా తీయించారు. వేల మంది ఊరి జనం అందులో నటించారు. అంటే షిండోలో నేను చూస్తున్న మెతకదనం నా ఒక్కడి కనుకట్టు కాదు.

కలంపోటు:
రెండూ చూశాను. సెకిగవా సినిమా బాంబు పడ్డాక జరిగిన నరకాన్ని సూటిగా చూపిస్తుంది, దాని బలం దానిదే. షిండో చేసింది వేరు. ఓటోవా వేసిన టీచరు కొన్నేళ్లకి హిరోషిమా తిరిగొచ్చి, తన కిండర్‌గార్టెన్ పిల్లల్లో బతికున్నవాళ్లని వెతుక్కుంటూ ఒక్కో ఇంటికీ వెళ్తుంది. బాంబు నిమిషం లోపే అయిపోతుంది, మిగతాదంతా బతికున్నవాళ్ల మామూలు రోజు. వాళ్లింట్లో పనిచేసిన ముసలాయన చూపు పోయి అడుక్కుంటుంటాడు. అతని మనవణ్ని తనతో పంపమని ఈవిడ అడుగుతుంది. వాడు తప్ప ఆయనకింకేం లేదు. ఆ బేరం ఎంతసేపు నడుస్తుందో చూడండి. అక్కడ నాకు కన్నీళ్లు రాలేదు, ఈవిడ మీద చిరాకొచ్చింది. అది కావాలని రాసిందే.

పైగా కాలం గుర్తుంచుకోవాలి. అమెరికా ఆక్రమణ ముగిసింది 1952 ఏప్రిల్‌లో. అప్పటిదాకా బాంబు గురించి స్వేచ్ఛగా సినిమా తీసే పరిస్థితి లేదు. ఈ సినిమా విడుదలైంది అదే ఏడాది ఆగస్టులో. షూటింగ్ హిరోషిమాలోనే. మరుసటేడు ఫ్రాన్స్‌లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో వేశారు.

వాదనరాయుడు:
చిరాకు కావాలని రాశాడంటే మళ్లీ చూడాలి. అయినా నా మాట వెనక్కి తీసుకోవట్లేదు.

కలంపోటు:
తీసుకోవద్దు. రచయితా, డైరెక్టరా అన్న పాతరీలు గారి మొదటి ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు, నేనిస్తా. సొంత సంస్థకి డబ్బు ఎలా వచ్చేది? మామూలుగా బయటివాళ్లకి రాసి. యసుజో మసుమురాకి 'మంజి', 'సెయిసాకు భార్య', 'ఇరెజుమి' రాశాడు. సెయిజున్ సుజుకికి 'ఫైటింగ్ ఎలెజీ' రాశాడు. ఫుకసాకు 1972లో తీసిన యుద్ధం సినిమా స్క్రిప్టులో చెయ్యి వేశాడు. వీళ్లలో ఒకరి తీరు ఒకరికి లేదు. మసుమురాకి రాసినప్పుడు ఆడవాళ్ల కోరిక నిప్పులా ఉంటుంది. సుజుకి సినిమా వెటకారం. నేను రాసే సీరియల్‌కి ఒకే అత్త, ఒకే కోడలు, మూడేళ్లుగా అదే గుమ్మం. ఆయన డైరెక్టర్ కావడం కోసం రాసుకున్నాడనీ, రాయగలిగాడు కాబట్టి ఎవరి దయా లేకుండా డైరెక్టర్‌గా ఉన్నాడనీ నా లెక్క.

మిజోగుచిని కూడా వదల్లేదు. 1975లో ఆయన మీద డాక్యుమెంటరీ తీశాడు. ఆయన సినిమాల్లో హీరోయిన్ కినుయో తనాకా ముందు కూర్చుని, మిజోగుచికి మీరంటే ప్రేమ కదా అని ఇబ్బంది పడేలా అడుగుతాడు. స్క్రిప్టు తిప్పికొట్టిన గురువు రుణం అలా తీర్చుకున్నాడు.

ఒసాకాబుల్లోడు:
ఓటోవా చివరి సినిమా 'ఎ లాస్ట్ నోట్' గురించి ఎవరూ అనలేదు. 1995లో విడుదల. వేసవి బంగళాకి వచ్చే ముసలి నటిగా హరుకో సుగిమురా, ఆ ఇల్లు చూసుకునే పనిమనిషిగా ఓటోవా. షూటింగ్ అప్పటికే ఆమెకి లివర్ క్యాన్సర్. 1994 డిసెంబర్‌లో పోయింది, సినిమా విడుదల చూడలేదు. అంత బరువైన వెనక కథ ఉండి కూడా సినిమా సగం నవ్విస్తుంది. పనిమనిషి ఓ పెద్ద రహస్యాన్ని కూరగాయలు తెచ్చినంత మామూలుగా బయటపెడుతుంది, సుగిమురా మొహం చూడాలి అప్పుడు.

సీమపిల్ల:
పాతరీలు గారికి నా వరస: ఒనిబాబా అయింది కాబట్టి నేకెడ్ ఐలాండ్, తర్వాత పోస్ట్‌కార్డ్. 'కురోనెకో' కావాలంటే ఆఖర్న. 1968లో కాన్ పోటీకి వెళ్లిందిగానీ ఆ ఏడాది గొడవల్లో పండుగే ఆగిపోయింది. అది నిజంగానే దెయ్యం సినిమా, పిల్లి దెయ్యం. రాయుడు గారికి మాత్రం ఎ లాస్ట్ నోట్. ఆయనకి నచ్చుతుందని పందెం.

వాదనరాయుడు:
పందెం ఎంత?

పాతరీలు:
అందరికీ థాంక్స్. ఆదివారం నేకెడ్ ఐలాండ్ పెడుతున్నా. ఎ లాస్ట్ నోట్ ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా మెసేజ్ చేయండి.

తెరనిర్వాహకుడు:
దొంగ ప్రింట్ల లింకులు రెండు వచ్చాయి, తీసేశాను. డిస్క్ కొనుక్కోండి, లేదా ఫిల్మ్ క్లబ్బుల్లో అడగండి. చర్చ కొనసాగించొచ్చు.